ఆ ఒడ్డున బావమరిది, ఈ ఒడ్డున నేను

ప్రశ్న: అక్కా, మాది ఆత్మకూరు దిక్కు, శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ల ఒడ్డున ఊరు. తాతల నుంచి చేపల పనే. నా భార్యది అవతలి ఒడ్డు, సోమశిల దగ్గర. పోయిన నెల రాత్రి కట్టిన వలలు గాలికి కొట్టుకుపోతే వెతుక్కుంటూ అవతలికి పోయాను. అక్కడి సంఘం వాళ్లు "మా సర్కారు వదిలిన చేపలు మీరెట్ల పడతారు" అని ఆరు వలలు, పుట్టి గుంజుకున్నారు. వాళ్లలో నా బావమరిది కూడా ఉన్నాడు. మన దిక్కేమో సన్న కన్నుల అలివి వలలతో వేలెడు పిల్లల్ని కూడా ఊడ్చేస్తుంటే అడిగే దిక్కు లేదు. మా ఊరి పిల్లోళ్లు "మనమూ వాళ్ల వలలు కోద్దాం" అంటున్నారు. నా భార్య పుట్టింటికి పోవడం మానేసింది. ఇంతలో ఒకాయన వచ్చి పంజరాల్లో చేపలు పెంచు, లోన్ ఇప్పిస్తా అంటున్నాడు. కేసు పెట్టాలా, ఆ పంజరాల పని చూసుకోవాలా, అన్నీ వదిలేసి హైదరాబాద్ పోవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
పేరు రాయొద్దన్న పాఠకుడు, ఉమ్మడి కర్నూలు జిల్లా

సమాధానం:

తమ్ముడూ, ముందు ఒక్క పని చెయ్యి. వలలు కోద్దాం అంటున్న ఆ పిల్లోళ్లను ఈ రాత్రే కూర్చోబెట్టి ఆపు. రాత్రిపూట నీళ్ల మీద గొడవ పడితే పోయేది వల ఒక్కటే కాదు. పుట్టి ఒకసారి తిరగబడితే ఎవరు ఏ ఒడ్డువాళ్లో చూసి మునగరు. ఇదొక్కటి ఆపగలిగితే మిగతాదంతా మాట్లాడుకోవచ్చు.

నేను సహకార శాఖలో ఆడిట్ పని చేసి రిటైరైనదాన్ని. కర్నూలు నుంచి బస్సెక్కి మీ దిక్కు మత్స్యకారుల సంఘాల లెక్కలు చూడ్డానికి చాలాసార్లు వచ్చాను. అందుకే నీ ఉత్తరం చదవగానే ఆ ఒడ్డు కళ్ల ముందు కనిపించింది. ఒక ఎండాకాలం, నీళ్లు బాగా దిగిపోయి సంగమేశ్వరం గుడి మొత్తం బయటపడిన రోజుల్లో, అక్కడికి దగ్గర్లోనే ఇసుక మీద టార్పాలిన్లు పరిచి ఏదో ఎండబోశారు. దూరానికి వడియాలేమో అనుకున్నాను. దగ్గరికి పోతే చేప పిల్లలు. దోసిలితో తీసి లెక్కపెడితే నూటికి పైనే ఉన్నాయి. బొచ్చె పిల్లకు తల పెద్దది కాబట్టి ఎండిపోయినా గుర్తుపట్టొచ్చు. నా దోసిట్లో సగం అవే. పక్కన ఉన్న ముసలాయన "ఈ వానకు వదిలేస్తే వచ్చే వానకు కిలో తూగేవి తల్లీ" అన్నాడు, కిందికి చూస్తూ. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

నీ బావమరిది మాట నీకు కోపం తెప్పించి ఉంటుంది. కానీ అతని దిక్కు నుంచి ఒకసారి చూడు. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువులు, రిజర్వాయర్లలో ఉచితంగా చేప పిల్లల్ని వదిలే పథకం పెట్టింది. ఆ లారీ వచ్చిన రోజు సంఘం వాళ్లంతా ఒడ్డుకు పోయి, సంతకాలు పెట్టి, పిల్లల్ని నీళ్లలోకి వదిలి ఉంటారు. అది మాది అనే భావన వాళ్లకు అక్కడి నుంచే వచ్చింది. మన మత్స్య శాఖ కూడా ఈ ఒడ్డున పిల్లల్ని వదులుతుంది. రెండూ కలిసేది ఒకే నీళ్లలో. ఏ పిల్ల ఎవరు వదిలిందో దాని మీద ముద్ర లేదు. పైగా రవ్వ, బొచ్చె లాంటివి వరద నీళ్లు రాగానే ఎదురీది పైకి పోయి గుడ్లు పెట్టే జాతులు. కృష్ణ వరద కర్ణాటక మీదుగా వస్తుంది, తుంగభద్ర వరద కర్ణాటక నుంచే వస్తుంది. సంగమేశ్వరం దగ్గర సప్తనదులు కలుస్తాయంటారు కదా, ఆ ఏడింటిలో భవనాసి ఒక్కటే మన నల్లమల వాగు. మిగతావన్నీ ఎక్కడో పుట్టి వచ్చినవే. అలాంటి నీళ్లలో "మా చేప" అని గట్టిగా చెప్పగల హక్కు నీకూ లేదు, అతనికీ లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ నీళ్లలో హద్దు ఎవరికీ కనిపించదు. కాగితం మీద కృష్ణానదే రెండు రాష్ట్రాల హద్దు. కానీ డ్యామ్ కట్టాక ఆ పాత నది ఎక్కడో అడుగున ఉండిపోయింది, పైన మైళ్ల కొద్దీ నీళ్లు పరుచుకున్నాయి. చీకట్లో పుట్టి మీద కూర్చున్నవాడికి తాను ఏ రాష్ట్రంలో ఉన్నాడో ఎట్లా తెలుస్తుంది? నీళ్లకు మాత్రం రెండు రాష్ట్రాల మధ్య టీఎంసీల లెక్క ఉంది. 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అని 2015లో తాత్కాలికంగా రాసుకున్నారు, ఇప్పటికీ దాని మీదే కొట్లాట. 2014 విభజన చట్టం కింద వచ్చిన కృష్ణా బోర్డు చూసేది నీళ్లు, కరెంటు. చేపల సంగతి దాని పని కాదు. రాజ్యాంగంలో చేపల వేట రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి వల కన్ను ఎంత ఉండాలి, ఎప్పుడు వేట ఆపాలి అన్నది ఎవరి రాష్ట్రం వాళ్లు రాసుకోవచ్చు. 1897 నాటి మత్స్య చట్టం కూడా మందుగుండు, విషం వాడకూడదని చెప్పి, వలల కొలతలు, వేట నిషేధాల సంగతి రాష్ట్రాలకే వదిలింది. ఏదైనా ఒక జలాశయంలో రెండేళ్ల దాకా వేట మొత్తం ఆపే అధికారం కూడా ఆ చట్టమే ఇచ్చింది. అంటే అధికారం లేక కాదు. మన ఆఫీసర్ ఈ ఒడ్డున అలివి వల పట్టుకుంటే అదే వల మర్నాడు ఆ ఒడ్డున నీళ్లలో పడుతుంది. అక్కడ పట్టుకుంటే ఇటు వస్తుంది. ఒక ఒడ్డున కడితే ఇంకో ఒడ్డున విప్పే పని ఇది.

ఇట్లాంటి నీళ్లకు ఉమ్మడిగా చేపల పని చూసే ఏర్పాటు అసాధ్యమని ఎవరైనా అంటే నమ్మొద్దు. మన పక్కనే ఉంది. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ చూసుకునే తుంగభద్ర బోర్డు 1953లో వచ్చింది. నీళ్లు, కాలువలు, కరెంటుతో పాటు రిజర్వాయర్‌లో చేపల పని కూడా ఆ బోర్డు చేతిలోనే పెట్టారు. ఇంకా దూరం పోతే ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ఉంది. కెన్యా, ఉగాండా, టాంజానియా మూడు దేశాలూ ఆ నీళ్ల మీదే బతుకుతాయి. 1994లో వాళ్లు చేపల కోసమే ఒక ఉమ్మడి సంస్థ పెట్టుకున్నారు. అక్కడ నాకు బాగా నచ్చింది, పడవలు దిగే ఒక్కో రేవులో మత్స్యకారులతోనే కమిటీలు పెట్టి పడవలు, వలలు రిజిస్టర్ చేయించడం. అయినా దొంగ వలలు ఆగలేదు. 2017లో ఉగాండా సైన్యాన్ని దించింది, పడవలు తగలబెట్టారన్న గొడవలూ వచ్చాయి. పై నుంచి లాఠీ పట్టుకుని చేస్తే ఏమవుతుందో అక్కడ కనిపించింది. అందుకే మీ దగ్గర ఒడ్డు నుంచే మొదలుపెట్టాలంటున్నాను. ఒడ్డు నుంచి అంటే నువ్వూ నీ బావమరిదీ అని అర్థం.

ఇప్పుడు వలల సంగతి. నీ వలలు, పుట్టి పట్టుకున్నది సంఘం మనుషులు. సంఘానికి అనుమానం వస్తే అధికారులకు చెప్పొచ్చు, అంతేగానీ ఇంకొకరి సామాను గుంజుకునే అధికారం లేదు. పట్టుకున్నది ఆఫీసర్ అయితే పంచనామా రాసి, ఒక కాపీ నీ చేతికి ఇవ్వాలి. ఆ కాగితం ఏదైనా ఇచ్చారా? ఇవ్వకపోతే నువ్వు పోలీసులకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా నీ దగ్గరి స్టేషన్‌లోనే ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత వాళ్లే అవతలి స్టేషన్‌కు పంపుతారు. ఈ దారి ఉందని తెలుసుకో. కానీ మొదటి రోజే ఆ దారిన పోవద్దు. కేసు పడితే అందులో నీ బావమరిది పేరు రాయాల్సి వస్తుంది. ఆ తర్వాత నీ భార్య ఏ ఇంటికి పోయినా నోరు విప్పలేని పరిస్థితి వస్తుంది.

ఆమె పుట్టింటికి పోవడం మానేసింది అన్నావు చూడు, ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ బాధ వేసింది అక్కడే. ఆమెను నువ్వు ఆపావా, తనే ఆగిందా అన్నది రాయలేదు. రోడ్డు మీద పోవాలంటే కర్నూలు చుట్టి కొల్లాపూర్ మీదుగా పోవాలి, దాదాపు ఒక పూట పడుతుంది. పడవ మీద అయితే ఎంతసేపు? ఇన్నాళ్లూ ఆ నీళ్లు మీ రెండిళ్లకు వాకిలిలాగా ఉన్నాయి. ఆమెను ఈ వారమే పంపు. వలల మాట ఆమె చేత అడిగించొద్దు, అది ఆమె నెత్తిన పెట్టే బరువు కాదు. నువ్వు కూడా పో, వాళ్ల పెద్దమనిషిని అడిగి కూర్చో. పోయేటప్పుడు సంఘం సభ్యత్వ కార్డు, వేట లైసెన్స్ కాగితం, వలలు కొన్న బిల్లులు ఉంటే అవి తీసుకుపో. గాలికి కొట్టుకొచ్చిన వలల కోసం వచ్చాను, దొంగతనానికి రాలేదు అని ఒకటే మాట చెప్పు. నీ దగ్గర లైసెన్స్ లేకపోతే మాత్రం ముందు అది తీసుకో. లేకుండా ఎవరి ముందుకు పోయినా నీ మాట చెల్లదు.

అక్కడ మాట కలిసాక అలివి వలల సంగతి ఎత్తు. ఎందుకంటే ఆ విషయంలో మీ ఇద్దరి బాధ ఒకటే. దోమతెరలాంటి కన్ను ఉన్న ఆ వల రెండు పడవల మధ్య చాపి ఒడ్డుకు లాగితే, నువ్వు కట్టే వలలో పడాల్సిన చేపా పోతుంది, అతని గాలానికి పడాల్సిందీ పోతుంది. రెండు ఒడ్ల వాళ్లూ దాన్ని అవతలివాళ్ల పని అంటారు. నేను చూసినంతలో రెండు ఒడ్లనా జరుగుతోంది. లెక్క వేసి చూపించు అతనికి. అయిదు గ్రాముల పిల్లలు కిలోకు రెండొందలు తూగుతాయి. అందులో పదింట ఒకటి బతికి కిలో అయినా ఇరవై కిలోలు. ఎండు పిల్లలు అమ్మితే వచ్చే చిల్లర దీని ముందు ఎంత?

ఒక్క విషయం జాగ్రత్త. ఆ వలలు లాగేవాళ్లలో చాలామంది కోస్తా నుంచి వలస వచ్చినవాళ్లు. ఎన్నో ఏళ్లుగా ఒడ్డున టార్పాలిన్ గుడిసెల్లో పిల్లాపాపలతో ఉంటున్నారు. వాళ్ల మీదికి ఊరిని ఉసిగొల్పొద్దు. వాళ్లకు అడ్వాన్స్ ఇచ్చి, వల కొనిచ్చి, ఎండిన సరుకును లారీకెత్తేవాడు వేరే ఉంటాడు. అడ్వాన్స్ తీరేదాకా వాళ్లు ఆ వల వదలలేరు. నా ఆడిట్ పుస్తకాల్లో కూడా ఇదే కనిపించేది. సంఘం పేరు మీద లైసెన్సులు ఉంటాయి, చేపలన్నీ ఒకే కొనుగోలుదారుకు పోతాయి, ధర అతను చెప్పిందే. కాబట్టి మీ అర్జీలో వల లాగేవాడి పేరు కన్నా ముందు కొనేవాడి సంగతి రాయండి. ఎండిన పిల్లలు దాటిపోయేది రోడ్డు మీదనే. నీళ్ల మీద వల పట్టుకోవడం కన్నా రోడ్డు మీద లారీ ఆపడం తేలిక.

అర్జీ ఎట్లా పెట్టాలంటే, రెండు సంఘాలూ కలిసి ఒకే కాగితం రాయండి. సంతకాలు రెండు ఒడ్లవీ ఉండాలి. మన దగ్గర కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక సోమవారం జరుగుతుంది. తెలంగాణలో ప్రజావాణి కూడా సోమవారమే. మీ మండలం ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది కాబట్టి నువ్వు నంద్యాలలో, నీ బావమరిది నాగర్‌కర్నూల్‌లో, ఒకే సోమవారం అదే కాగితం ఇవ్వండి. రెండు చోట్లా రశీదు తీసుకోండి. ఒక రాష్ట్రం వాళ్లే పోతే "అది అవతలి వాళ్ల సమస్య" అని పంపేస్తారు. రెండు రశీదులు పక్కపక్కన పెట్టాక ఆ మాట అనడం కష్టం. రెండు జిల్లాల మత్స్య శాఖ అధికారులకు కాపీలు పంపండి. మీరు వేటాడే చోటు టైగర్ రిజర్వ్ లోపల ఉంటే అటవీ శాఖకు కూడా. ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్, రెండు ఒడ్లా పులుల అడవే. అడవి హద్దు లోపల వాళ్ల అనుమతి లేకుండా వల వేస్తే చేపల లైసెన్స్ నిన్ను కాపాడదు. ఇది తెలియక చాలామంది కేసుల్లో ఇరుక్కున్నారు.

ఏం అడగాలి అన్నది మీరే తేల్చుకోవాలి, కానీ నా మనసులో ఉన్నది చెప్తాను. రెండు ఒడ్లకూ ఒకే వల కన్ను, వేట ఆపే రోజులు రెండు చోట్లా ఒకటే ఉండాలని అడగండి. దానికి తోడు ఇంకోటి. వేట నిషేధం అంటే అందరూ వానాకాలం నెలలే చూస్తారు. శ్రీశైలంలో అది సరిపోదు. నిండినప్పుడు 885 అడుగులు ఉండే నీళ్లు, పోతిరెడ్డిపాడుకు, కల్వకుర్తికి, ముచ్చుమర్రికి, కరెంటుకు తోడేసరికి ఎండాకాలానికి యాభై అడుగులకు పైగా దిగిపోయిన ఏళ్లున్నాయి. అప్పుడు చేపంతా మిగిలిన మడుగుల్లోకి చేరి కుక్కుకుపోయి ఉంటుంది. అలివి వలల పండగ అప్పుడే. అందుకని నీటిమట్టం ఫలానా అడుగుకు దిగితే లోతు మడుగుల్లో ఎవరూ వల వేయకూడదు అని తేదీతో పాటు మట్టాన్ని కూడా రాయించండి. ఆ ఫలానా అడుగు ఎంత అన్నది నాకంటే మీ నాయనకు, మీ మామకు బాగా తెలుసు. ఇద్దరినీ ఒక చెట్టు కింద కూర్చోబెట్టి అడగండి.

రెండు రాష్ట్రాల సభ్యులతో ఒకే సహకార సంఘం పెట్టుకునే వీలు కూడా ఉంది. 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం అందుకే. ఒక్కో రాష్ట్రం నుంచి కనీసం 50 మంది సంతకాలతో ఢిల్లీలో రిజిస్టర్ చేయించాలి. నేను ఆ పని ఇప్పుడే పెట్టుకోవద్దంటాను. ఆ కాగితాల బరువు చిన్న సంఘాలు మొయ్యలేవు. ముందు రెండు సంఘాల మధ్య ఒక పేజీ ఒప్పందం చాలు. కొట్టుకొచ్చిన వలను ఎవరికి అప్పగించాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, అలివి వల కనిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని రాసుకోండి. రెండేళ్లు అది నిలబడితే పెద్ద సంఘం గురించి ఆలోచించొచ్చు.

పంజరాల సంగతి. పంజరాల్లో చేపల పెంపకం చెడ్డదేమీ కాదు, చాలా రిజర్వాయర్లలో చేస్తున్నారు. కానీ మీ నీళ్లు ఎండాకాలంలో బాగా దిగుతాయి. ఈరోజు లోతులో ఉన్న పంజరం ఎండాకాలానికి బురదలో కూర్చుంటుంది. ఇంకా లోతుకు తోస్తే అక్కడ హద్దు గొడవ, అడవి గొడవ మళ్లీ మొదలు. మేత వృథా అయి అడుగున కుళ్లితే అది రెండు ఒడ్ల తాగునీళ్లలోకి పోతుంది. మత్స్య శాఖ అనుమతి, ఏ జాతి, ఏ చోటు అన్నది కాగితం మీద చూపించకుండా లోన్ మాట మాత్రమే ఎత్తేవాడి దగ్గర సంతకం పెట్టొద్దు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచు అని అన్నాడంటే ఇంట్లోకి రానివ్వొద్దు. దాన్ని 2000లోనే కేంద్రం నిషేధించింది. ఒక్కసారి తప్పించుకుని రిజర్వాయర్‌లో పడితే మిగతా చేపను బతకనివ్వదు.

హైదరాబాద్ పోవాలా అన్నావు. పోవడం తప్పని నేను అనను. మీ ఊరి నుంచి ఎంతమంది పోయారో నాకు తెలుసు. ఇల్లు, పొలం నీళ్ల కింద పోయి, అదే నీళ్లలో వల వేసి బతకడం నేర్చుకున్నవాళ్లు మీ పెద్దలు. కానీ గొడవకు భయపడి ఇప్పుడు పోతే ఆ ఆరు వలల మాట పదేళ్లు నీ వెంట వస్తుంది. ఈ వానాకాలం అయ్యేదాకా ఆగు. అర్జీ ఇచ్చి, ఏం జరిగిందో చూసి, అప్పుడు నీ భార్యతో కూర్చుని తేల్చుకో.

ఈ లోపల ఒక నోట్‌బుక్ పెట్టుకో. ఏ రోజు, ఏ మడుగు దగ్గర, ఎన్ని అలివి పడవలు, ఒడ్డున ఎన్ని టార్పాలిన్లు, లారీ ఎన్ని గంటలకు వచ్చింది అని రాస్తూ పో. ఫోన్‌లో ఫొటో తీస్తే చోటు కూడా నమోదయ్యేలా సెట్టింగ్ ఆన్ చెయ్యి. ఒంటరిగా వాళ్ల దగ్గరికి పోయి ఫొటోలు తీయొద్దు, ఒడ్డున గట్టు మీది నుంచి చాలు. ప్రధానమంత్రి మత్స్య సంపద పథకం కింద 5 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, అందులో నీ పేరు, మీ ఊరి పిల్లోళ్ల పేర్లు ఉన్నాయో లేదో సంఘం కార్యదర్శిని రేపే అడుగు.

అర్జీ చిత్తుప్రతి రాసి పంపితే నేను చూసి, దిద్ది పంపుతాను. నీ బావమరిదికి చదివి వినిపించాకే పంపు.